'మీరు' అని రాసిన కోడలికి

డెవెంటర్,
అక్టోబరు 14.

ప్రియమైన యోలీన్‌కు,

ఇక్కడ నేనూ, నా మోకాలూ, పిల్లీ క్షేమం. జ్వోల్‌లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఫ్లూర్ సంగతి బుధవారం బుధవారం చూస్తూనే ఉన్నాను. ముందు పై పన్ను ఊడిపోయాక నవ్వితే అచ్చం మా నాన్నలా ఉంటోంది.

నీ ఉత్తరం శనివారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. ఫ్లూర్ రెండో వానబూటు మా సైకిళ్ల కొట్టంలోనే ఉంది. అందులో సాలెపురుగు కాపురం పెట్టింది, దులిపి ఉంచాను. నా మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు, సైకిలు మాత్రం మానొద్దన్నాడు. ఇక నీ పాన్‌కేక్ పెనం. 'మీ ఇంట్లో ఉంటే గుమ్మం బయట పెట్టండి, దారిన పోతూ తీసుకుంటాను' అని రాశావు. పెనం ఉంది. గుమ్మం బయట మాత్రం పెట్టను. ఎందుకో చివర చెబుతాను.

ఉత్తరం నిండా 'మీరు' అని రాశావు. లెక్కపెట్టానంటే నవ్వుతావు, తొమ్మిది ఉన్నాయి. పన్నెండేళ్ల కిందట నా వంటింట్లో ఇద్దరం బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే నేనే అన్నాను కదా, 'ఇక మీరూ గీరూ వద్దు, నువ్వు అను, రీకే అను' అని. చేతిలో కత్తి పట్టుకునే నా బుగ్గ మీద మూడు ముద్దులు పెట్టావు. పెద్దవాళ్లు ఇవ్వాల్సిన మాట అది, ఇచ్చాను. అలా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం మన దగ్గర లేదు. నేను తీసుకోలేదు. నువ్వే తిరిగి నా చేతిలో పెట్టావు.

ఈ మాట ఇప్పుడు ఎందుకెత్తానంటే, లైబ్రరీలో మంగళవారాలు నేను మన డచ్ భాష నేర్పిస్తున్నాను. నా శిష్యురాలు సెనాయిత్, ఎరిత్రియా నుంచి వచ్చింది, లాండ్రీలో పని. మొదటి రోజు కాఫీతో బిస్కెట్ల డబ్బా మన పద్ధతిలో, మనిషికొకటి చొప్పున, ఒకసారి తిప్పి మూత పెట్టేశాను. ఆమె డబ్బా వంక చూస్తూ, "ఇది మళ్లీ తెరుస్తారా, లేక వచ్చే మంగళవారమేనా?" అంది. ఆ రోజే నాకు నచ్చేసింది.

పోయిన వారం పాఠం 'నువ్వు', 'మీరు'. మనం ఆలోచించకుండా అనేస్తాం గానీ, నేర్చుకునేవాళ్లకి అది ఎంత తలనొప్పో! మామూలుగా రెండింటికీ క్రియ చివర 'ట్' ఉంటుంది. ప్రశ్న అడిగేటప్పుడు 'నువ్వు' క్రియ వెనక్కి వెళ్లిందంటే ఆ 'ట్' ఊడిపోతుంది. 'మీరు' వెళితే ఊడదు. కోమ్ట్ యూ, వస్తారా? కోమ్ యెయ్, వస్తావా?

"అంటే మీరు అన్నప్పుడు క్రియ కోటు విప్పదు, నువ్వు అన్నప్పుడు కోటు విప్పి లోపలికొచ్చి కూర్చుంటుంది. అంతేనా?" అంది సెనాయిత్.

"అంతే. నలభై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను, నాకు తట్టలేదు" అన్నాను.

"మరి మిమ్మల్ని నువ్వు అనేవాళ్లెవరు?"

"కొడుకు, మనవరాలు, మా అక్క. కోడలు అనేది. ఇప్పుడు మళ్లీ మీరు అంటోంది."

ఆమె పుస్తకం మూసింది. "మీరేం చేశారు?" అంది.

కోడలేం చేసిందని అడగలేదు చూడు! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. "ఏమీ చేయలేదే" అన్నాను. ఆమె బిస్కెట్ల డబ్బా తెరిచి, తను ఒకటి తీసుకుని నాకొకటి ఇచ్చింది. ఆ రోజుకి అదే రెండోది.

ఇక అసలు సంగతి రాస్తాను, యోలీన్. ఫోన్లో చెప్పే ధైర్యం లేదు.

కిందటేడు, అందరిళ్లల్లోలాగే మా టాయిలెట్ గోడకున్న పుట్టినరోజుల క్యాలెండర్‌లో, నీ పుట్టినరోజు నవంబరు పన్నెండు దగ్గర, నీ పేరు మీద గీత చూశావు. బయటికొచ్చి "ఇదేమిటి?" అని అడిగావు. "ఫ్లూర్ ఆడుకుంటూ గీసినట్టుంది" అన్నాను. నువ్వు పిల్లని మందలించావు. అది ఒక కాలికి చెప్పుతో, ఇంకోటి చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ తర్వాతి బుధవారం నుంచి నువ్వు గుమ్మం దాటలేదు. వీధిలోనే సైకిలు పట్టుకుని నిలబడి, "మీరు బాగున్నారా?" అంటున్నావు.

ఆ గీత నేను గీశాను. మీరిద్దరూ విడిపోతున్నారని వౌటర్ ఫోన్ చేసిన రోజునే. తప్పెవరిదని అడగలేదు. నా కొడుకు ఏడ్చాడు, అంతే చాలింది నాకు. పైగా పంతులమ్మని కదా, స్కేలు పెట్టి మరీ గీశాను. అయిదేళ్ల పిల్ల స్కేలు పెట్టి గీస్తుందా? నీకు అర్థమైపోయిందని నాకూ తెలుసు. అయినా నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని ఏడాది పాటు కూర్చున్నాను. నీ పేరు కొట్టేసినందుకు సిగ్గుగా ఉంది. పిల్ల మీదికి నెట్టినందుకు అంతకంటే సిగ్గుగా ఉంది.

పోయిన బుధవారం ఫ్లూర్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నిజం చెప్పి, క్షమించమన్నాను. "నాకు తెలుసుగా నానమ్మా, నేను గీయలేదని" అంది. "మరి అప్పుడే అమ్మకి చెప్పలేదేం?" అంటే, "నిన్ను తిడుతుందని" అంది. నేను ఏడుస్తుంటే నా కళ్లజోడు తీసి తన గౌనుతో తుడిచింది.

ఇరవై ఆరున దానికి ఏడు నిండుతాయి. 'వౌటర్ తీసుకొస్తాడు, నేను రాను' అని రాశావు. ఆ రోజు మా ఇంట్లో అందరం గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చుంటాం. వచ్చినవాళ్లు పిల్లకి చేయిచ్చి, తర్వాత తల్లికి చేయిచ్చి అభినందనలు చెప్పాలి కదా? తల్లి కుర్చీ ఖాళీగా ఉంటే అవి నేను అందుకోవాలా? ఏ మొహంతో?

కొత్త క్యాలెండర్ కొన్నాను. వారాలు లేని క్యాలెండర్ కదా, పాతది ముప్ఫై ఏళ్లు ఆ మేకుకే వేలాడింది, దాన్ని తీసేశాను. పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాను, పోయినవాళ్లవి కూడా. నవంబరు పన్నెండు మాత్రం ఖాళీగా ఉంది. అక్కడ రాసే హక్కు నేను పోగొట్టుకున్నాను. పక్కనే పెన్ను దారంతో కట్టి ఉంచాను. రాస్తావో మానతావో నీ ఇష్టం.

పెనం వంటింట్లో దాని మేకుకే ఉంది. లోపలికొచ్చి తీసుకో. నన్ను మీరు అన్నా పడతాను, తిట్టినా పడతాను. నేను మాత్రం క్రియకి కోటు విప్పేసే అడుగుతున్నాను. కోమ్ యెయ్, యోలీన్? వస్తావా?

ఇట్లు,
కోర్టు కాగితం ఏమన్నా
నీ అత్త,
రీకే