నీకు రావలసిన దీవెన

సెయింట్ పాల్ పట్నం,
జనవరి 22, 1884

అమ్మకు,

నీ రెండు చేతులూ కళ్లకద్దుకుని నీ ఫిలొమెన్ రాస్తున్న ఉత్తరం. నాకు ఒంట్లో బాగానే ఉంది. వేళకు ఆకలి వేస్తోంది, పడుకుంటే నిద్ర పడుతోంది. పెంబినాలో నువ్వూ, నాన్నా, తమ్ముడు మొయీజూ అలాగే ఉన్నారనుకుంటాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న సిస్టర్ క్లెయోఫే గారికి వందనాలు. సిస్టర్‌గారూ, ఒక మనవి. చివర్లో మీకు నచ్చని సంగతి ఒకటి ఉంది. అక్కడికి వచ్చాక దగ్గు వచ్చినట్టు ఆగిపోకుండా, ఏ మాటా దాటవేయకుండా చదవండి. నాకు అక్షరాలు నేర్పింది మీరే కదా.

అమ్మా, నువ్వు కుట్టి పంపిన పూసల జోళ్లు ఇంట్లోనే తొడుక్కుంటున్నాను. వీధిలోకి వేసుకెళితే పిల్లలు వెంటపడుతున్నారు. తిండికి లోటు లేదు. ఇక్కడి రొట్టె దూదిలా ఉంటుంది, మన గలెట్ రొట్టెలా నమిలిన తృప్తి ఉండదు. "దొరసాని చెయ్యి చేసుకుంటుందా?" అని అడిగావు. లేదు, గొంతు కూడా పెంచదు. నాన్నకు నడుంనొప్పి తగ్గిందో లేదో మాత్రం నువ్వు రాయించలేదు.

"ఆయన మన ఊసు ఎప్పుడైనా ఎత్తాడా?" అని కూడా అడిగావు. మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు, నేను వాతావరణం గురించి రాసి తప్పించుకుంటున్నాను. ఈసారి చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

గిడియన్ హార్లన్ గారికి పక్షవాతం వచ్చాక ఇంగ్లీషు పూర్తిగా పోయింది. మిగిలింది మన భాష ఒక్కటే, ఉత్తరాదిన బొచ్చుతోళ్లు కొంటున్న రోజుల్లో నేర్చుకున్న భాష. ఈ ఇంట్లో అది ఎవరికీ రాదు. అందుకే చదువుకున్న ఉత్తరాది అమ్మాయి కావాలని బిషప్ గారి చేత కబురు పెట్టించారు. పొద్దున ఆయన పక్కన కూర్చుని ఆయన మాటలు ఇంగ్లీషులో చెబుతాను. మధ్యాహ్నం ఆయన కాగితాలు సర్దుతాను. ఊరి పెద్దలు ఆయన జీవితం మీద పుస్తకం వేస్తున్నారు. బయలుదేరేటప్పుడు నువ్వు చెప్పిన మాట మీరలేదు. "పని చేసుకుని రా, చుట్టరికం కలపకు" అన్నావు. నేను ఆయన కూతురి కూతురినని ఇక్కడ ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు.

ఆ కాగితాలు పెట్టెలకు పెట్టెలు. ఏ ఏడు ఎన్ని ఎడ్లబండ్లు పెంబినా నుంచి దిగాయో, ఏ బండి ఇరుసు ఎక్కడ విరిగిందో కూడా రాసుకున్నారు. శాసనసభకు ఎన్నికై, అమ్మమ్మ కుట్టిన పూసల కోటు తొడుక్కుని, కుక్కల బండి మీద ఇక్కడ దిగితే ఊరంతా చప్పట్లు కొట్టిందని పత్రికల ముక్కలున్నాయి. ఉపన్యాసాలున్నాయి. ఒక దాంట్లో "ఉత్తరాది జనమంతా నా బిడ్డలే" అన్నారు. దాన్ని నా చేత్తో శుభ్రంగా తిరగరాశాను. రాస్తుంటే కలం ములుకు విరిగింది. ఒక బిడ్డ అక్కడ పొయ్యి ముందు కూర్చుని, సభ అయిపోయాక బండ్లతో తిరిగొస్తాడని దారి చూస్తోందని ఆ సభలో ఎవరూ అనలేదు. పుస్తకంలో ఆ ఏళ్లకు ఒక్క వాక్యం ఇచ్చారు. "కొంతకాలం ఉత్తరాదిన వ్యాపారం చేశారు." అమ్మమ్మతో చేసిన కాపురం, నువ్వు, అన్నీ ఆ "కొంతకాలం"లో పోయాయి.

ఇప్పుడు కార్నీలియా గురించి చెప్పాలి. ఇక్కడి దొరసాని కడుపున పుట్టిన కూతురు. నా ఈడుదే, వరసకు నాకు పిన్ని. మంచిది, అదే నా బాధ. చలికి నా వేళ్లు కమిలిపోయాయని తన తొడుగులు తీసి ఇచ్చింది. అవి వేసుకుని చర్చికి వెళుతూ కూడా ఆమె మీద మండిపడుతూనే ఉన్నాను. ఆమె పుట్టిన రోజున ఆయన దేశ రాజధాని నుంచి రాసిన ఉత్తరం నాకు సర్దడానికి దొరికింది. కళ్లు ఏ రంగులో ఉన్నాయి, ఏడుపు గట్టిగా ఉందా, ఊయల కిటికీకి దూరంగా వేశారా అని నాలుగు పేజీలు. నీ గురించి ఒక్క చీటీ దొరుకుతుందేమోనని అన్ని పెట్టెలూ అడుగుదాకా తిరగేశాను. లేదు. రోజూ ఆ పిల్ల గదిలోకి దూసుకొచ్చి "నాన్నా!" అని ఆయన మెడ చుట్టూ చేతులు వేస్తుంది. నేను పక్కన నిలబడి "అయ్యగారూ, మందు" అంటాను. "తాతా" అనే మాట గొంతు దాకా వస్తుంది, మింగుతాను.

దొరసాని బాధ ఇంకోలా ఉంది. ఆయన ఏదో గొణిగితే చాలు, కుట్టుపని పక్కన పడేస్తుంది.

"ఏమన్నారు?"

"కుక్కలకు మేత వేశారా అని అడుగుతున్నారండీ."

"మాకు కుక్కలెక్కడివి?"

"అప్పట్లో బండికి కట్టినవి అయ్యుంటాయండీ."

ఒకరోజు ఆమె నన్ను చాలాసేపు చూసింది. "ముప్పై ఏళ్లు కాపురం చేశాను అమ్మాయ్. ఆ భాషలో నాకు ఒక్క ముక్క నేర్పలేదు. ఇప్పుడు ఆయన ఏమన్నా నువ్వు చెబితే తప్ప నాకు తెలియదు. నిన్ను చూస్తే నాకు కళ్లు కుడుతున్నాయి, తెలుసా?" అంది. నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆమెను చూసి నేను కుళ్లుకుంటుంటే, ఆమె నన్ను చూసి!

సిస్టర్‌గారూ, ఇక్కడే ఆ సంగతి. ఆగకండి.

కొత్త సంవత్సరం రోజు పొద్దున. మన ఇంట్లో ఆ రోజు ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? నాన్న మంచం దిగకముందే నేనూ మొయీజూ మోకాళ్ల మీద కూర్చుంటాం. నాన్న నెత్తిన చెయ్యి పెట్టి దీవించాకే పొయ్యి మీది మాంసం ఉండల పులుసు మాకు దక్కేది. ఆ సమయానికి నువ్వు మాకు వీపు పెట్టి గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండేదానివి. నీకు మోకరించడానికి తండ్రి లేడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇక్కడి వాళ్లకు ఆ ఆచారమే తెలియదు. కొత్త సంవత్సరం అంటే పలకరింపులకు వచ్చేవాళ్లు, కేకు, ద్రాక్షసారా. కార్నీలియా కొత్త గౌనులో వచ్చి ఆయన నుదుటిని ముద్దుపెట్టుకుంది. ఆయన తమ బాగున్న చెయ్యి పైకెత్తారు. అది అలాగే గాలిలో నిలిచింది.

"ఏం కావాలి నాన్నా? నీళ్లా? దుప్పటా?"

ఆయన మన భాషలో అన్నారు. "మోకరించవే తల్లీ. పొద్దెక్కుతోంది."

"ఏమంటున్నారు ఫిలొమెన్?" అంది దొరసాని.

అమ్మా, నాకు ప్రతి మాటా అర్థమైంది. ఒక్క వాక్యం చెబితే చాలు, ఆ పిల్ల గౌను నలిగినా లెక్కచేయకుండా మోకరించేది. నాలుగు పేజీల ఉత్తరం ఆమెకే, "నాన్నా" అన్న పిలుపు ఆమెకే, ఇది కూడానా అనిపించింది.

"కిటికీ మూయమంటున్నారండీ. చలిగాలి కొడుతోందట" అన్నాను.

కార్నీలియా పాపం పరుగెత్తి కిటికీ మూసింది. ఇంతలో కింద బండి ఆగిన చప్పుడైంది, తల్లీ కూతుళ్లిద్దరూ అతిథుల కోసం దిగిపోయారు. ఆయన చెయ్యి ఇంకా దించలేదు. నేను తలుపు చేరవేసి, వెళ్లి మోకరించాను.

చెయ్యి నా నెత్తి మీదకు దిగింది. ఎంత బరువో! నాన్న ఏ మాటలతో దీవిస్తాడో అవే మాటలు, తడబడకుండా, చివరిదాకా చెప్పారు. గెలిచాననుకున్నాను. అప్పుడు ఆయన నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తారు.

"డొమితిల్, ఏదీ, నోరు తెరువు. ముందు పన్ను వచ్చిందా చూస్తాను."

పిలిచింది నీ పేరే. నేను నోరు తెరిచాను. పంతొమ్మిదేళ్లదాన్ని, గుడ్ల నీళ్లు గుడ్లనే కుక్కుకుంటూ చిన్నపిల్లలా నోరు తెరిచాను. ఆయన బొటనవేలితో నా పై పన్ను తడిమారు. "వచ్చేసిందే! నేను వచ్చేదాకా ఆగమన్నాను కదా" అని నవ్వారు.

ఆయన వెళ్లిపోయేనాటికి నీకు ఆరేళ్లు. ఆ పన్ను సంగతి నాకు నువ్వు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నీ ప్రశ్నకు ఇదీ జవాబు. మూడు వారాలుగా ఎందుకు రాయలేదంటే, నీ మీద అసూయతో. ఒక పిల్లకు అబద్ధం చెప్పి లాక్కున్న దీవెన కూడా నాది కాకపోయె, నీదైపోయె. ఆయనకు నేను ఉన్నానని కూడా తెలియదు. నాలుగైదు రాత్రులు నిన్ను తిట్టుకుంటూ పడుకున్నాను. తర్వాత, నువ్వు గరిటె తిప్పుతూ నిలబడిన వీపు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ చెయ్యి ఎందుకు ఎత్తారో నిన్న కార్నీలియాకు నిజం చెప్పాను. ఆమె వెంటనే వెళ్లి మోకరించింది, కానీ ఆయన నిద్రలో ఉన్నారు. లేచేదాకా అలాగే కూర్చుంది. లేచాక చెయ్యి ఎత్తలేదు, నీళ్లడిగారు. "వచ్చే ఏడు ముందే చెప్పు" అంది నాతో. వైద్యుడు వచ్చే ఏడు మాట ఎత్తడం మానేశాడు.

తర్వాత దొరసాని దగ్గరికి వెళ్లి నేనెవరో చెప్పాను. నీ మాట దాటాను, క్షమించు. ఆమె సూదికి దారం ఎక్కించబోయి రెండుసార్లు తప్పింది.

"మీ అమ్మకు ఆయన కనుబొమ్మలు వచ్చాయా?"

"వచ్చాయండీ."

"అనుకున్నాను. నీకూ ఉన్నాయి. మొదటి రోజే చూసి, ఆ చూసింది మర్చిపోదామనుకున్నాను." సూది పక్కన పెట్టి, "రమ్మను. కానీ ముందు వాకిలి గుండా రావాలి. పెరటి దారిన వస్తే పనివాళ్లు చెవులు కొరుక్కుంటారు. ఇన్నేళ్లు కొరుక్కున్నది చాలు" అంది.

కాబట్టి బయలుదేరు అమ్మా. నది గట్టిగా గడ్డకట్టి ఉంది, మొయీజ్‌ను బండి కట్టమను. ఆయన నిన్ను గుర్తుపడతారని మాట ఇవ్వలేను. నన్నే నువ్వనుకుంటూ ఉండిపోవచ్చు. అప్పుడు నేను పక్కకు జరుగుతాను, నీ మీద ఒట్టు. నువ్వు మోకరించు, చెయ్యి ఎత్తకపోతే నేనే పట్టుకుని నీ నెత్తి మీద పెడతాను. నోరు తెరవమంటే తెరువు. నీకు కిందటేడు ముందు పన్ను ఊడిందని నాకు తెలుసు. అది ఊడిపోయిందని చెప్పకు. ఇంకా రాలేదు నాన్నా, నీకోసం ఆగాను అని చెప్పు.

ఇట్లు,
వాకిట్లో నీకోసం కాచుకుని ఉండే
నీ కూతురు
ఫిలొమెన్