మామయ్య దిద్దిన ప్రపంచ చరిత్ర

జూన్ 1, సోమవారం. ఉదయం 6:10

నిర్ణయం తీసేసుకున్నాను! ఇవాళ్టి నుంచి రోజూ ఒక గంట ప్రపంచ చరిత్ర. ఫోన్లో ఒక కార్యక్రమం దొరికింది. ఎపిసోడ్‌కో పెద్ద చరిత్రకారుణ్ణి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. రాతియుగం నుంచి రాకెట్ల దాకా రెండు వందల పైచిలుకు ఎపిసోడ్లు.

కారణం మామయ్య. హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర చెప్పిన మనిషి. అత్తయ్య పోయి నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఆయన నోట "ఊఁ" తప్ప మాట లేదు. ముందు గదిలో, కిటికీ పక్క కుర్చీలో, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. "ఆయనకిష్టమైన విషయాలు కదిపి చూడండి" అన్నాడు డాక్టరు. మావారు రోజూ వాతావరణం కదుపుతున్నారు.

వదిన, అంటే మావారి అక్క, 28న వస్తోంది. అప్పటికీ ఇలాగే ఉంటే నాన్నను తన ఊరికి తీసుకెళ్ళిపోతానంది. మేడ మీద గది కూడా ఖాళీ చేయించిందట. వాళ్ళింట్లో అందరూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. ఆ గదిలో ఆయన్ని పలకరించేదెవరు? నాకు ఇష్టం లేదు. నేను డ్రైవింగ్ స్కూలు పెడతానన్నప్పుడు ఈ ఇంట్లో నవ్వని మనిషి ఆయనొక్కరే. నా మొదటి స్టూడెంటూ ఆయనే. టెస్టు మూడుసార్లు తప్పారు. మూడుసార్లూ "మా టీచరు తప్పేం లేదండీ" అని లైసెన్సు ఆఫీసులో అందరికీ చెప్పి మరీ వచ్చారు.

కొన్నవి: ఇయర్‌ఫోన్లు, మూడు రంగుల పెన్నులు, లావుపాటి నోటుబుక్కు.

మావారి వ్యాఖ్య: "ఆరంభశూరత్వం."

పోయినేడాది కొన్న గిటారు ఇంకా బీరువా మీదే ఉంది, నిజమే. అది వేరు, ఇది వేరు!

జూన్ 2, మంగళవారం

మొదటి ఎపిసోడ్ పూర్తి! కారులోనే విన్నాను, పొద్దుటి బ్యాచ్‌కి ముందు. అడిగేవాడి ప్రశ్నే ఎనిమిది నిమిషాలు సాగింది. అంతా విని చరిత్రకారుడన్న మొదటి మాట: "అది అంత తేలిగ్గా చెప్పలేం." మధ్యలో పరుపుల ప్రకటన. మనిషి వ్యవసాయం ఎప్పుడు మొదలుపెట్టాడంటే "ఓ వెయ్యేళ్ళు అటూ ఇటూ" అనేశాడు హాయిగా. నేను పది నిమిషాలు అటూ ఇటూ అయితే స్టూడెంట్లు చంపేస్తారు.

అయినా అద్భుతంగా ఉంది. నాకు ఈ రంగం రాసిపెట్టి ఉన్నట్టుంది.

జూన్ 4, గురువారం

టైము మిగలడం లేదు, అందుకని పాఠం చెబుతూనే వింటున్నాను. ఒక చెవి స్టూడెంటుకి, ఒక చెవి చరిత్రకి. ఇవాళ ఈజిప్టు. స్టీరింగు దగ్గర కళ్ళ డాక్టరు. ఊళ్ళో సగం మందికి చూపు తెప్పించిన మనిషి, సైడు అద్దం మాత్రం చూడడు. నా నోట్సు ఇలా వచ్చింది: "పిరమిడ్లు... క్లచ్ వదలండి... క్లియోపాత్రా... ఎడమ, ఎడమ!"

రాత్రి భోజనాల దగ్గర మొదలుపెట్టాను.

"మామయ్యా, ఆ క్లియోపాత్రా ఎంత గొప్పదండీ! అన్ని పిరమిడ్లు కట్టించింది!"

మామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"క్లియోపాత్రా పుట్టేనాటికే ఆ పెద్ద పిరమిడ్‌కి రెండున్నర వేల ఏళ్ళు. మనకి ఆవిడ ఎంత దూరమో, ఆవిడకి పిరమిడ్ అంతకంటే దూరం."

మావారు మంచినీళ్ళు పొలమారి దగ్గారు. నాలుగు నెలల్లో మొదటి వాక్యం! కాదు, రెండు వాక్యాలు! ఏడుపొచ్చింది నాకు. సిగ్గు కూడా వేసింది, చరిత్ర మాష్టారి కోడలినై ఉండి పిరమిడ్లు క్లియోపాత్రాకి అంటగట్టానే అని.

తేలిందేమిటంటే, చరిత్ర పని చేస్తోంది. ఇక నుంచి ఒక్క తప్పు కూడా దొర్లకూడదు!!

జూన్ 7, ఆదివారం

సెలవు. రోమ్ ఎపిసోడ్ మూడుసార్లు విన్నాను. ఎర్ర పెన్నుతో రాజులు, ఆకుపచ్చతో యుద్ధాలు. మామయ్య దగ్గర కూర్చుని అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అంతా చెప్పాను. ఒక్క తప్పు లేదు.

మామయ్య: "ఊఁ."

జూన్ 9, మంగళవారం

గ్రీసు. తప్పుల్లేవు. "ఊఁ."

జూన్ 10, బుధవారం

చైనా. తప్పుల్లేవు. "ఊఁ" కూడా లేదు. తల ఊపి కిటికీ వైపు తిరిగారు.

నేను చెప్పే పద్ధతి బాగాలేదేమో. ఇంకా లోతుగా వెళ్ళాలి.

జూన్ 13, శనివారం

రెండు రోజులు వినలేదు. కారణాలు: జలుబు, కుడి ఇయర్‌ఫోన్ సీటు కిందకి దొర్లిపోయింది, మొన్న కళ్ళ డాక్టరు రివర్సులో కూరగాయల బండి మీదకి వెళ్ళాడు. ఎవరికీ ఏం కాలేదు, వంకాయలకి తప్ప. అప్పుడు నేను రోమ్ ఎందుకు కూలిందో వింటున్నాను. బ్రేకు నా కాలి కిందా ఉంది, మనసు రోమ్‌లో ఉంది. తప్పు నాదే.

ఇంతకీ రోమ్ ఎందుకు కూలిందో తెలియలేదు. ఇద్దరు పండితులు గంటసేపు కొట్టుకుని "అసలు కూలిందా అన్నదే ప్రశ్న" అని తేల్చారు. ఆ కూరగాయలావిడకి నేనూ అదే చెప్పి చూడాల్సింది.

జూన్ 15, సోమవారం

వెనకబడ్డాను కాబట్టి రెండింతల వేగంతో పెట్టి విన్నాను. మంగోలులు వచ్చారు, వెళ్ళారు. గుర్రాల చప్పుడు తప్ప బుర్రలో ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత పాత పాటలు విన్నాను. మెదడుకి కాస్త విశ్రాంతి ఇవ్వాలి కదా.

జూన్ 17, బుధవారం

ఇవాళా ఏమీ వినలేదు. అయినా సాయంత్రం కాఫీ ఇస్తూ ఏదో ఒకటి అనాలి కదా, చిన్నప్పుడు ఎక్కడో విన్నది వదిలాను.

"కొలంబస్ ఎంత ధైర్యవంతుడో మామయ్యా! భూమి పళ్ళెంలా ఉందని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, గుండ్రంగా ఉందని నిరూపించడానికి ఓడెక్కాడు!"

"ఎవరు చెప్పారమ్మా నీకు?" కప్పు కింద పెట్టేశారు. "చదువుకున్న వాళ్ళకి అది అప్పటికే పదిహేడు వందల ఏళ్ళకు పైగా తెలుసు. కొలంబస్ పొరబడింది ఆకారంలో కాదు, సైజులో. భూమి చాలా చిన్నదనుకున్నాడు. ఏదీ, ఆ నారింజ పండు ఇలా ఇవ్వు."

నారింజ పండు మీద పెన్నుతో గీతలు. ఇరవై నిమిషాలు! నీడల్ని బట్టి భూమిని ఎలా కొలిచారో చెబుతూ టేబుల్ లైటు ఆర్పి, వెలిగించి చూపించారు. రాత్రి అన్నం మారు వడ్డించుకున్నారు.

గిన్నెలు కడుగుతుంటే లైటు నా బుర్రలో వెలిగింది. రోమ్ సరిగ్గా చెప్పాను, ఊఁ. చైనా సరిగ్గా చెప్పాను, అదీ లేదు. క్లియోపాత్రా తప్పు, మాట్లాడారు. కొలంబస్ తప్పు, పాఠమే చెప్పారు. ముప్ఫయ్యేళ్ళు పేపర్లు దిద్దిన చెయ్యి అది. రైటు జవాబుకి టిక్కు కొట్టి పేజీ తిప్పేస్తుంది. తప్పు దగ్గరే ఆగుతుంది.

జూన్ 18, గురువారం

కాబట్టి వినడం మానేశాను! ఇది ఓటమి కాదు. వైద్యం. తప్పులే మందు అయినప్పుడు చదువుకోవడం ప్రమాదం కదా. పెన్నులు పక్కింటి పిల్లకి ఇచ్చేశాను. కారులో రోజంతా పాత పాటలు. కళ్ళ డాక్టరు కూడా అద్దం చూస్తున్నాడు!

రోజుకో తప్పు నేనే తయారు చేస్తాను. అదెంత పని!

జూన్ 20, శనివారం

తయారు చేసిన తప్పు: చైనా గోడ కట్టింది గ్రీకులు.

మామయ్య కళ్ళద్దాల మీదుగా నా వైపు చూశారు. "ఊఁ."

జూన్ 23, మంగళవారం

తయారు చేసిన తప్పు: అచ్చు యంత్రం కనిపెట్టింది నెపోలియన్.

మామయ్య లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. భోజనానికి కూడా రాలేదు.

ఏం చేశాను నేను?

జూన్ 25, గురువారం

మళ్ళీ విందామని ఫోన్ తీశాను. నెపోలియన్ మీద రెండు ఎపిసోడ్లు. మొదటిది సగంలోనే నిద్రపోయాను. లేచేసరికి తెర మీద "మీరు ఇంకా వింటున్నారా?" అని ఉంది. ఆ యంత్రానికి కూడా నా మీద నమ్మకం పోయింది. రెండోది పాఠం మధ్యలో విన్నాను. దీవులు, ఓడలు, హారన్లు.

మామయ్య మూడు రోజులుగా మళ్ళీ రాయి. మావారు వాతావరణానికి తిరిగొచ్చారు.

జూన్ 28, ఆదివారం

ఉదయం 9: వదిన వచ్చేసింది. ఖాళీ పెట్టెతో.

మధ్యాహ్నం 1: భోజనాలు. "నాన్నా, ఎలా ఉన్నారు?" "ఊఁ." "మా ఇంటికి వస్తారా?" "ఊఁ." వదిన మా ఇద్దరి వైపూ చూసింది. ఆవిడ చెడ్డది కాదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మధ్యాహ్నం 3: పెట్టె సర్దుతోంది. చొక్కాలు, మందులు, అత్తయ్య ఫోటో. ఆ ఫోటో పెట్టెలోకి వెళ్ళడం చూసి ఇక ఆగలేకపోయాను. మామయ్య కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియలేదు. నోటికొచ్చింది అనేశాను.

"మామయ్యా, వెళ్ళినా మళ్ళీ వచ్చెయ్యండి. నెపోలియన్‌ని అంత దూరం సెయింట్ హెలీనా దీవికి పంపేసినా తిరిగొచ్చాడు కదండీ."

కుర్చీ కిర్రుమంది.

"ఎల్బా!"

వదిన చేతిలో చొక్కా కింద పడింది.

"తిరిగొచ్చింది ఎల్బా నుంచి. సెయింట్ హెలీనా నుంచి రాలేదు. ఐదున్నరేళ్ళు అక్కడే ఉండి అక్కడే పోయాడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత శవం వచ్చింది." ఆయాసపడి ఆగారు. పెట్టె వైపు చూశారు. గొంతు తగ్గింది. "ఎల్బాకైతే వెళ్ళచ్చు. సెయింట్ హెలీనాకి నేను వెళ్ళను."

వదిన ఏడ్చేసింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను.

"ఏడవకు తల్లీ" అన్నారు కూతురితో. "నీ దగ్గరికి పది రోజులు వచ్చి ఉంటాలే. ఈ పిల్ల బుర్రలో ఇన్ని తప్పులు పెట్టుకుని ఉంటే అంతకుమించి ఎలా వదిలి వెళ్ళమంటావు?"

ఫోటో మళ్ళీ గోడకి తగిలించింది మావారు. వంకరగా. మామయ్య అది కూడా దిద్దారు.

జూన్ 29, సోమవారం. ఉదయం 6:30

కాఫీ ఇస్తూ ధైర్యం చేసి అడిగాను. "ఆ చైనా గోడ రోజు ఎందుకు దిద్దలేదండీ?"

"అది నువ్వు కావాలని చేసిన తప్పు. నాకు తెలియదనుకున్నావా?" కిటికీలోంచి చూస్తూ చెప్పారు. "మీ అత్తయ్య నలభై ఏళ్ళు అదే పని చేసింది. నేను అలిగి మూతి ముడుచుకున్నప్పుడల్లా ఒక తప్పు పట్టుకొచ్చేది. అక్బరు పానిపట్టులో ఓడిపోయాడటగా అండీ, అని. నేను దిద్దేవాణ్ణి. ఆవిడ నవ్వేది. కావాలని చేస్తోందని నాకు తెలిసిన సంగతి ఆవిడకి తెలియదు."

"తెలిసి కూడా దిద్దేవారా?"

"అలక తీరడానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా. నువ్వు అలాగే చేసేసరికి ఆవిడ గుర్తొచ్చింది. తట్టుకోలేకపోయాను. దొంగ తప్పులు ఇక వద్దు. అవి ఆవిడవి. నీకు సొంత తప్పులు బోలెడున్నాయిగా."

కాఫీ కప్పు ఖాళీ చేసి నా చేతిలో పెట్టారు.

ఉదయం 7:15

నిర్ణయం తీసేసుకున్నాను! ఇవాళ్టి నుంచి రోజూ ఒక గంట ప్రపంచ చరిత్ర, మళ్ళీ మొదటి ఎపిసోడ్ నుంచి. వినకపోతే సొంత తప్పు పుట్టదు. కష్టపడి చదివినవాళ్ళకే అసలైన తప్పులు వస్తాయి. పక్కింటి పిల్లను బతిమాలి పెన్నులు తెచ్చుకున్నాను, ఆకుపచ్చ తప్ప.

మావారి వ్యాఖ్య: "ఆరంభశూరత్వం." ఈసారి నవ్వుతూ అన్నారు.

ఉదయం 9:40

మెసొపొటేమియా. రెండు నదుల మధ్య దేశమట. మొదటి నది టైగ్రిస్. రెండోది చెప్పేసరికి కళ్ళ డాక్టరు హారన్ కొట్టాడు. నైలు అనుకుంటా. ఫోన్లో చూసుకోవచ్చు. చూసుకోను.

రాత్రి భోజనాల దగ్గర మామయ్యకి చెబుతాను.