ఊరికే నడవనివ్వరు

రాప్తాడు,
శుక్రవారం.

నాయనా,

నీ ఈశ్వరి రాస్తోంది. ఫోన్ చేస్తే నా పేరు చూసి కట్ చేస్తున్నావు. పక్కింటి వాళ్ల ఫోన్‌తో చేస్తే నా గొంతు విని కట్ చేస్తున్నావు. అమ్మ బతికి ఉంటే మన మధ్య మాటలు తనే మోసేది. ఇక మిగిలింది ఈ ఉత్తరమే. బొరుగులు కట్టిచ్చిన కాగితాన్ని కూడా విప్పి, అటూ ఇటూ తిప్పి చదివే మనిషివి. నేను రాసింది చదవకుండా పారేయడం నీ వల్ల కాదు.

బెంగళూరులో ఆపరేషన్ అయి ఇది మూడో నెల. బరువు తగ్గడానికని కడుపు కోసి, చిన్న గొట్టమంత మిగిల్చారు. నాలుగు చెంచాల రాగిజావ తాగితే పెళ్లిభోజనం చేసినట్టుంది. జుట్టు కొంచెం రాలుతోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అంతా బాగానే ఉన్నాను.

బాగాలేనిది ఒక్కటే. బెంగళూరుకు బయలుదేరే ముందు రోజు నువ్వు మా వాకిట్లో నిలబడి అన్న మాట. "గొర్రెలెనక నడిచినోని కూతురివి. నాలుగడుగులు నడిస్తే కరిగేదానికి కడుపు కోపిచ్చుకుంటావా? కోపిచ్చుకో. నాకు కూతురు లేదనుకుంటా." కుట్లు మానాయి కానీ ఆ మాట ఇంకా పచ్చిగానే ఉంది.

నడిస్తే కరుగుతుందని నాకు తెలియక కాదు నాయనా. ఇంట్లోంచి కొళాయి దాకా పోయేసరికి ఊపిరందక బిందె మీద చెయ్యి వేసి నిలబడేదాన్ని. మోకాళ్లు మడత పడేవి కావు. నలభై రాకముందే షుగరు. నడవలేకనే కోయించుకున్నాను. నడకంటే ప్రాణం పెట్టే నీతో ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

ఇప్పుడు నడుస్తున్నాను. "కత్తి పని అయిపోయింది, ఇక కాళ్ల పని. నడవకపోతే పోయిన బరువు చుట్టంలా తిరిగొస్తుంది" అంది డాక్టరమ్మ. నీ అల్లుడు బూట్లు కొనిచ్చాడు. చీర మీద బూట్లు చూసి వీధంతా నవ్వింది, నవ్వనీ. హైవే మీద లారీల భయం కాబట్టి రోజూ పొద్దున్నే మనూరికి పోయే రోడ్డు పట్టుకుంటాను. ఎండిన చేలు, ఎదురుగాలి, నేను.

వచ్చిన చిక్కల్లా ఒకటే, మన సీమలో మనిషిని ఊరికే నడవనివ్వరు. మొదటి రోజే పాల ఓబుళేసు క్యాన్లతో సహా బండి ఆపాడు.

"యాడికి పోతాండావు వదినా? ఎక్కు, దింపుతా."

"యాడికీ లేదు. ఊరికే నడుస్తాండా."

"ఊరికే ఎవురన్నా నడుస్తారా? ఆపరేషనైన మనిషివి. ఎక్కు, ఎక్కు."

తర్వాత ఆటో ఆగింది. ఆ తర్వాత ట్రాక్టరు. నడవడం కంటే ఎక్కనని చెప్పడానికే ఆయాసం ఎక్కువైంది. చివరికి విసుగొచ్చి ఓబుళేసుతో, "మా నాయన దగ్గరికి పోతాండా. నడిచే పోవాల" అన్నాను. వాడు నా మొహం వంక ఒకసారి చూసి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. మందు పనిచేసింది కదా అని ఇప్పుడు ఎవరు అడిగినా అదే చెబుతున్నాను. కొంతదూరం పోయి వెనక్కి వస్తున్నాను. అబద్ధమే అయినా, చెప్పిన ప్రతిసారీ నోటికి తియ్యగా ఉంది.

ఒక్కసారి ఫోన్ ఎత్తు.

ఇట్లు,
ఈశ్వరి.


రాప్తాడు,
గురువారం.

నాయనా,

నువ్వు ఫోన్ ఎత్తలేదు. ఇక్కడేమో నా అబద్ధం పిల్లల్ని పెట్టింది.

నిన్న కొళాయి దగ్గర పక్కింటి బయమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏమ్మే, ఈపొద్దు యాడిదాకా పోయింటివి? ఎవురు సర్దిచెప్పి ఎనిక్కి పంపిరి?" అని అడిగింది. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక బిందె వదిలేసి నవ్వాను. మొగుడితో పోట్లాడి నేను రోజూ పుట్టింటికి బయలుదేరుతున్నానట. సగం దారిలో మనసు మార్చుకుని తిరిగొస్తున్నానట. పైగా దిగులుతో చిక్కిపోతున్నానట. ఊరంతా ఒకే మాట.

ఇంటికొచ్చాక ఆ నవ్వు ఎగిరిపోయింది. ఇడ్లీ హోటల్లో నలుగురు పెద్దమనుషులు నీ అల్లుణ్ణి కూర్చోబెట్టి, "ఏమప్పా, పెండ్లాన్ని కొడతాండావంటనే" అన్నారట. చీమకు కూడా దారిచ్చి నడిచే మనిషి. ఇంటికొచ్చి అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడుక్కున్నాడు. అత్త గుమ్మానికి అడ్డం కూర్చుంది. "నడవాలంటే మిద్దె మింద నడువు. ఊర్లో తలెత్తుకోలేకపోతాండాం" అంది. ఆయన కూడా, "కొన్నాళ్లు మానకూడదా?" అన్నాడు. మెల్లగానే అన్నాడు, కానీ అన్నాడు.

మానను. మానితే మళ్లీ ఆ బిందె మీద చెయ్యి వేసి నిలబడే ఈశ్వరినే అవుతాను. మిద్దె మీద గానుగెద్దులా తిరగడం నా వల్ల కాదు. రాత్రంతా ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. చెప్పిన అబద్ధాన్ని నిజం చేసేస్తే సరిపోతుంది. ఆదివారం పొద్దున్నే బయలుదేరి, మధ్యలో రెండూళ్లు దాటి, నిజంగానే నీ దగ్గరికి నడిచొస్తున్నాను. అంత దూరం ఇంతవరకు నడవలేదు. నువ్వు తలుపు వేసుకుంటే వేసుకో. వాకిట్లో నీళ్లు తాగి, నడిచే వెనక్కి పోతాను.

ఇట్లు,
ఈశ్వరి.


రాప్తాడు,
మంగళవారం.

నాయనా,

మొన్ననే కదా చూసుకున్నాం, మళ్లీ ఉత్తరమేమిటని తిడతావు. రోడ్డు మీద చెప్పలేని మాట ఒకటి ఉండిపోయింది.

నా రెండో ఉత్తరం నీకు అందనే లేదని, అంతకుముందే ఓబుళేసు పాలతో పాటు మా కాపురం కబురు కూడా మీ ఊళ్లో పోశాడని నాకేం తెలుసు? కోపమొస్తే నువ్వు బస్సెక్కవు. అల్లుడి సంగతి తేల్చడానికి కట్టె పట్టుకుని నువ్వు అటునుంచి బయలుదేరావు. నేను ఇటునుంచి. రెండో ఊరు దాటి కానుగ చెట్ల దగ్గర నిన్ను దూరం నుంచే గుర్తుపట్టాను. నువ్వు పట్టలేదు. పక్కనుంచే పోబోయి, ఆగి, పరాయిదాన్ని అడిగినట్టు అడిగావు.

"ఏమ్మా, పొద్దున్నే ఒంటిగా యాడికి పోతాండావు?"

"మా నాయన దగ్గరికి."

"ఎవురమ్మా మీ నాయన?"

"నువ్వే."

బూట్ల నుంచి మొహం దాకా చూశావు. చేతిలో కట్టె కిందపడింది. "ఈశ్వరీ! మిగతా సగం యాడ పెట్టొస్తివి మే?" అన్నావు. ఆ వెంటనే, "వాడు కొట్టినాడా?" అని గర్జించావు. జరిగిందంతా చెప్పాక రోడ్డు మీద కూలబడి దగ్గు వచ్చేదాకా నవ్వావు. నీ అల్లుడికి ఈ సంగతి చెబితే ఆకలేసి మూడు దోసెలు తిన్నాడు. అత్త గుమ్మం వదిలింది. ఇంకో వింత, నిన్నటి నుంచి బయమ్మ, ఇంకో ఇద్దరు నాతో వస్తున్నారు. ఆటోవాడు ఎక్కడికని అడిగితే ముగ్గురూ ఒక్కసారే, "ఈశ్వరోళ్ల నాయన దగ్గరికి" అన్నారు. జాగ్రత్త, ఏదో ఒకరోజు నలుగురం వచ్చి పడతాం.

ఇక నేను చెప్పదలుచుకున్నది. మీ ఊరివైపు ఇద్దరం నడుస్తుంటే ఓబుళేసు బండి ఆపి ఎక్కమన్నాడు గుర్తుందా? "మేం తండ్రీకూతుళ్లం నడుస్తాండాం. నీ దావన నువ్వు పో. పోయి ఊర్లో ఈ మాట కూడా చెప్పు" అన్నావు. వాడు పోయాక ఇంకొంచెం దూరం నడిచి, వెనకనుంచి, "మేయ్, రవంత నిదానంగా నడువు. అందుకోలేకపోతాండా" అన్నావు.

నేను ఆగాను. నీ ఆయాసం చూసి ఆగాననుకున్నావు. కాదు నాయనా. కళ్ల నిండా నీళ్లొచ్చి నాకు దారి కనిపించలేదు.

నీ కూతురు,
ఈశ్వరి.