పంటికి తెగని వలదారం

నెల్లూరు, 1964 ఆగస్టు, బుధవారం రాత్రి

వలలల్లే పోలమ్మ పొద్దున మైపాడు నుంచి కూతురిని తీసుకొచ్చింది. పిల్ల కింది పళ్ళు ముందుకొచ్చి ఉన్నాయి. తల్లి అందం మాటే ఎత్తలేదు.

"పళ్ళకి తీగ కట్టినాక మా ఈశ్వరి వలదారం పంటితో తెంచతాదా డాక్టరయ్యా?"

తెంచుతుందని ధైర్యంగా చెప్పేశాను.

తీగ కట్టాక పళ్ళు ఎలా కుదురుతాయో ముందే చూద్దామని, సాయంత్రం ఆ పిల్ల పళ్ళ ప్లాస్టర్ అచ్చును కోసి, ఒక్కో పన్నునూ మైనంలో నిలబెట్టి చూశాను. వరస చక్కగానే కుదిరింది. కానీ పై పళ్ళు మరీ సన్నం, కింది పళ్ళు వెడల్పు. ముందు పళ్ళు ఒకదానికొకటి అందడం లేదు. కింద ఒకటి పీకితే అందుతాయేమో. గట్టి పన్ను పీకుతానంటే పోలమ్మ ఒప్పుకుంటుందా? రేపు మొదటి బస్సుకే వస్తామంది.

పొద్దున ఈశ్వరి కొరికి చూపించబోయి, తెగక వదిలేసిన దారం ముక్క బల్లమీదే ఉంది. దాన్ని మైనంలో నిలబెట్టిన ఆ పళ్ళ మధ్య పెట్టి, గట్టిగా మూసి లాగాను. జారి చేతికొచ్చింది.