బొంబాయి గాజులు

జూన్ 2

పర్చూరు రాఘవయ్య గారి రెండు పరుపులూ కుట్టేశాం. ఈ ఏటికి పెళ్ళి పరుపులు ఇవే ఆఖరు. ఇక వానలు పడితే కొట్టుకి ఈగలు తప్ప ఎవరూ రారు.

సాయంత్రం దాచేపల్లి నుంచి అమ్మాయి ఫోను. "నాన్నా, వానాకాలం ఎట్టాగూ పని ఉండదుగా. కొట్టు మూసేసి అమ్మని ముంబై తీసుకెళ్ళు. టిక్కెట్లు ఆయన చూస్తారు." అల్లుడికి సిమెంటు ఫ్యాక్టరీలో పని అయిపోయాక ఇదొక పని. చూద్దాంలే అన్నాను.

మా ఆవిడ మీరాంబీ పక్కనే ఉంది. కుట్టు మిషను ఆపింది. మొహం చూడాలి... పెళ్ళికూతురిలా ఉంది.

జూన్ 3

వద్దని చెప్పాలి. గట్టి కారణం ఒకటి కావాలి.

జూన్ 4

అసలు కారణం ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేను. పత్తి జిన్నింగు మిల్లు వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ, దీనికి నోరు లేదు.

నేను బొంబాయి చూడలేదు.

వెళ్ళాను. వెళ్ళిన మాట నిజం. పెళ్ళయిన ఏడాదికి, నాన్న వద్దంటున్నా వినకుండా, ఆయన దూదేకే విల్లు భుజాన వేసుకుని రైలెక్కాను. అక్కడ మన పనికి చేతినిండా గిరాకీ అని ఎవరో అన్నారు. జూన్‌లో వెళ్ళాను. మనకి జూన్ అంటే ఎండలే కదా, దూది పెళుసుగా ఉంటుంది, ఏకితే పొగలా లేస్తుంది. అక్కడ జూన్ అంటే ఆకాశానికి చిల్లు పడటమని ఎవరికి తెలుసు? దిగిన గంటలో విల్లు నారి నానిపోయింది. కొడితే మోగదు. దూది ముద్దకట్టి నారికి అతుక్కుంటుంది. వానల్లో పరుపు కుట్టించుకునేవాడు లోకంలో ఎక్కడా ఉండడు. దూదేకులవాడినై ఉండి ఆ మాత్రం తెలియకపోయింది.

స్టేషన్ దగ్గర ఒక రేకుల షెడ్డు. అందులో పదకొండు రోజులు. పేరు మస్తాన్ అనగానే అందరూ హిందీలో అందుకునేవాళ్ళు. మా ఇంట్లో తెలుగు తప్ప ఏముంది నా బొంద? తల ఊపేవాణ్ణి. సిగ్గేసి బయటకే వెళ్ళలేదు. తడిస్తే జ్వరం వస్తుందని, వస్తే చూసేవాళ్ళు లేరని భయం కూడా. షెడ్డులో నెల్లూరు వైపు ఖాదర్ మామ ఉండేవాడు, పెద్దాయన. సముద్రం గురించి, గోడ మీదికి ఎగిరి మనుషుల్ని తడిపే అలల గురించి, రెండంతస్తుల బస్సు గురించి ఆయనే చెప్పాడు. పన్నెండో రోజు రైలెక్కి వచ్చేశాను.

ఇంటికొచ్చి అవన్నీ నేను చూసినట్టు చెప్పాను. ఉత్త చేతులతో వెళ్ళలేక గుంటూరులో దిగి పట్నం బజారులో ఆరు గాజులు కొన్నాను. బొంబాయి గాజులన్నాను. అప్పటి నుంచీ ముప్పై ఏళ్ళు ఆ అబద్ధానికి అన్నం పెట్టి పెంచుతున్నాను.

జూన్ 5

పరుపులు తీసుకెళ్ళడానికి రాఘవయ్య గారు ట్రాక్టరు వేసుకుని వచ్చారు. పొగాకు అమ్మిన ఏడాది ఆయన బొంబాయి వెళ్ళొచ్చారని తెలుసు. ఆయన నోటితోనే వద్దనిపిద్దామని మీరాంబీ వినేలా అడిగాను.

"అదొక ఊరా మస్తానూ? తలా తోకా లేదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి కూడా ఊరు అయిపోదే! ఎవడికీ పక్కకి చూసే తీరిక లేదు. రైలెక్కితే మన చొక్కా మన ఒంటి మీద ఉందో లేదో కూడా తెలీదు. ఆ లాడ్జి గదిలో మీ పరుపు పరిస్తే తలుపు తెరుచుకోదు."

లోపల లడ్డూ తిన్నట్టుంది నాకు. "అయితే వెళ్ళడం దండగంటారు!" అన్నాను గట్టిగా.

"దండగని ఎవరన్నారయ్యా? సాయంత్రం సముద్రం ఒడ్డున ఆ గోడ మీద కూర్చున్నామా... మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆమెతో ఎక్కడెక్కడ తిరిగానో గుర్తులేదు గానీ ఆ గోడ గుర్తుంది."

పరుపులు ఎక్కించుకుని వెళ్ళిపోయారు. మీరాంబీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మంచి సాక్షినే పిలిచాను!

జూన్ 7

ఏమేం చూడాలో చెబుతోంది. గోడ. రెండంతస్తుల బస్సు పైన ముందు సీటు. గోడ పక్కన శనగలమ్మే మనిషి. ముప్పై ఏళ్ళ నాటి శనగల మనిషి ఇంకా అక్కడే ఉంటాడా అన్నాను. "ఆయన కొడుకన్నా ఉంటాడుగా."

ఆ శనగల మనిషి ఖాదర్ మామ చెప్పినవాడు కూడా కాదు. నా సొంత కల్పన.

జూన్ 9

మృగశిర వచ్చింది, చినుకు లేదు. హైవే మీద లారీలు లేపిన దుమ్మంతా కొట్టులోకే.

అబద్ధం సంగతి పక్కన పెట్టి, న్యాయంగా ఆలోచిద్దామని కూర్చున్నాను. అంత ఊరు నాలుగు రోజుల్లో చూడటం అయ్యే పనేనా? కాదు. మీరాంబీ మోకాళ్ళు ఆ మెట్లూ ఆ వంతెనలూ ఎక్కనిస్తాయా? అనుమానమే. గుంపులో చెయ్యి వదిలితే మళ్ళీ దొరకదు. తిండి ఒంటికి పడదు. వానలు సరే సరి. ఇన్ని ఉన్నా, పెళ్ళయినప్పటి నుంచి ఆమె చూసిన ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెడితే వేళ్ళు మిగులుతాయి. కొట్టుకి సెలవు అంటే ఆమె మిషనుకి నూనె వేసి తుడుచుకునే రోజు. ఇంకెప్పుడు వెళ్తుంది?

న్యాయంగా చూస్తే వెళ్ళాలి. అందుకే న్యాయంగా చూడకూడదనుకున్నాను.

జూన్ 10

టీవీలో బొంబాయి వాన. మోకాలి లోతు నీళ్ళు. సంబరపడ్డాను. సిగ్గు లేదు నాకు.

జూన్ 11

ఆ వానే మీరాంబీకి చూపించాను. "మీరు వెళ్ళిందీ వానల్లోనే కదండీ. అన్నీ చూసే వచ్చారుగా?"

టీవీ కట్టేశాను.

జూన్ 13

సముద్రమే కావాలంటే సూర్యలంక ఉందిగా, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు అన్నాను. పోనీ హైదరాబాదు అన్నాను. అక్కడైతే తెలుగన్నా వినబడుతుంది.

"సూర్యలంక గురించి మీరు నాకెప్పుడూ చెప్పలేదుగా" అంది. కోపంగా కాదు, కూర తరుగుతూ.

జూన్ 15

ఒక్క పరుపు పని ఉంది. స్కూలు మాస్టారిది. ఎదురెదురుగా కూర్చుని టాకాలు వేస్తున్నాం. నేను దబ్బనం గుచ్చితే ఆమె లాగుతుంది, ఆమె గుచ్చితే నేను లాగుతాను. మా మాటలన్నీ ఎప్పుడూ ఇట్టాగే, పరుపు మధ్యలో పెట్టుకుని.

"ఎందుకంత పట్టు నీకు? ఏముందక్కడ?" అన్నాను.

ఆమె దబ్బనం లాగింది. "పెళ్ళయ్యాక నేను లేకుండా మీరు ఉన్న ఊరు అదొక్కటే. ఎట్టా ఉన్నారో, ఎక్కడ తిన్నారో, ఎక్కడ పడుకున్నారో... అప్పుడు రెండు వారాలు మీ కబురే లేదు. తిరిగొస్తారో రారో అని మీ అమ్మా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. ఆ ఊరెట్టా ఉంటదో చూడాలి. అంతే."

దబ్బనం నా వేలికి గుచ్చుకుంది. నలభై ఏళ్ళుగా పడుతున్న దబ్బనం. ఏడుపొచ్చింది. నొప్పికి కాదు.

జూన్ 16

చెప్పబోయాను. కుక్కరు కూసింది. లేచి వెళ్ళింది.

కుక్కరు మీద నెట్టేస్తున్నాను గానీ, నేనే చెప్పలేదు.

జూన్ 17

అల్లుడు టిక్కెట్లు తీసేశాడు. ఇరవై రెండు సాయంత్రం గుంటూరులో ఎక్కాలి. పీర్ల పండక్కి ముందే తిరిగి వచ్చేట్టు. ఫోనులో టిక్కెట్టు వచ్చింది. మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన.

అమ్మాయి మళ్ళీ ఫోను. "నాన్నా, గోడ దగ్గర ఫోటో పంపాలి. చిన్నప్పుడు అన్నం తిననంటే ఆ అలల కథే చెప్పి తినిపించేది అమ్మ." సరేనమ్మా అన్నాను. ఎన్ని ముద్దలు తిన్నదో పిల్ల, ఖాదర్ మామ అలలతో.

జూన్ 18

కొట్టులో కూర్చుని ఫోనులో బొంబాయి వీడియోలు చూస్తున్నాను. స్టేషన్‌లో దిగి ఎటు తిరగాలి, గోడకి ఏ బస్సు, ఆ పేటల పేర్లు... కాగితం మీద రాసుకుని బట్టీ పడుతున్నాను. అబద్ధం ముందు చెప్పి ఇప్పుడు పాఠాలు చదువుతున్నాను. "భయ్యా, కిత్నా?" అని గొణుక్కుంటుంటే పక్క కొట్టు టీ అబ్బాయి నవ్వాడు.

ఒకటి తెలిసింది. అంత పెద్ద ఊరవడం నాలాంటి దొంగకి మేలే. ఏది అడిగినా "అప్పుడిట్టా లేదు, అంతా మారిపోయింది" అంటే సరి. ఎవడూ కాదనలేడు. మీరాంబీ నమ్ముతుంది. నేను చెబితే ఆమె నమ్మనిది ఏముంది గనక?

దొరకను. ఆ మాట అనుకున్నాక తేలిగ్గా ఉండాలి కదా. లేదు.

జూన్ 19

సంచులు సర్దుతోంది. గోంగూర పచ్చడి, కారప్పొడి, రెండు దిళ్ళు. దిళ్ళెందుకే అంటే, పరాయి ఊళ్ళో దిళ్ళు ఎవరెవరు తలకింద పెట్టుకున్నవో అంది. అది మాత్రం నిజం. లాడ్జి దిండ్లలో ఏం కూరుతారో నాకు తెలుసు.

జూన్ 20

అలమరలోంచి పౌడరు డబ్బా తీసింది. మూత తీస్తే బూరుగు దూది. దూదిలో గాజు. ఆకుపచ్చది, బంగారు చుక్కలది. ఆరింట్లో మిగిలింది ఒక్కటే.

"దీన్ని తీసుకెళ్దాం. ఆ కొట్టుకే వెళ్ళి దీనికి జోడీ కొనుక్కుంటా. కొట్టు గుర్తుందిగా మీకు?"

"గుర్తుంది" అన్నాను.

ఈ ఇరవై రోజుల్లో నేను ఆమెకి చెప్పిన నిజం అదొక్కటే. గుర్తుంది. మూడు మెట్లు, నీలం తలుపులు, గల్లా వెనక లావుపాటాయన.

జూన్ 21

కొట్టు తలుపుకి "వారం రోజులు సెలవు" అని అట్టముక్క కట్టాను. ఈ కొట్టు తెరిచాక ఇన్ని రోజులు మూయడం ఇదే మొదటిసారి. రాఘవయ్య గారు ఫోను చేసి, గోడ మీద కూర్చున్నప్పుడు నన్నోసారి తలుచుకో మస్తానూ అన్నారు.

జూన్ 22, గుంటూరు స్టేషన్

రైలు ఆరున్నరకి. రెండింటికే దిగాం చిలకలూరిపేట బస్సు. ఇంత ముందెందుకని ఆమె సణుగుతూనే ఉంది. సంచులు స్టేషన్‌లో సామాన్ల గదిలో ఇచ్చేసి, పద ఒక చోటికి అన్నాను. ఆటో ఎక్కించాను.

పట్నం బజారు. మూడు మెట్లూ ఉన్నాయి. తలుపులకి ఇప్పుడు వేరే రంగు. గల్లా వెనక లావుపాటాయన కొడుకు, ఈయనా లావే. మీరాంబీ చేతి సంచిలోంచి డబ్బా తీయించి గాజు ఆయన ముందు పెట్టాను.

"ఇట్టాంటివి ఉన్నాయాండీ?"

ఆయన వెలుతురులో తిప్పి చూశాడు. "మా నాన్న కాలం సరుకండీ ఇది. ఇప్పుడు రావట్లేదు. మీరెక్కడ కొన్నారు?"

"ఇక్కడే" అన్నాను. "మీ నాన్న దగ్గరే."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. గాజు తీసుకుని దూదిలో పెట్టలేదు, చేత్తోనే పట్టుకుంది. మెట్లు దిగింది. ఆటో ఎక్కాం. మాట్లాడితే మళ్ళీ ఏదో ఒక కథ చెబుతానని భయం.

సంచులు తెచ్చుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం. గాజు చేతిలో తిప్పుతూ అడిగింది.

"మరి సముద్రం?"

"చూడలేదు."

"ఆ గోడ?"

"వేరే ఆయన చెప్పాడు."

"పదకొండు రోజులూ ఏం చేశారు?"

"షెడ్డులో కూర్చున్నా. వాన... విల్లు నారి ఆరుతుందేమోనని."

ఇంకేదో అడుగుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. పట్టాల వైపు చూస్తూ అడిగింది: "ఆ షెడ్డు ఎక్కడ?"

ఏదో స్టేషన్ దగ్గరని తప్ప తెలీదన్నాను. ఆ పేట పేరు కూడా గుర్తులేదన్నాను. ఆమె గాజు నా చేతిలో పెట్టి, తన సంచి తీసుకుని లేచింది. నీళ్ళ పంపూ బయటి గేటూ ఒక వైపే ఉన్నాయి. అటు వెళ్ళింది, నీళ్ళకో ఇంటికో. వెనక్కి చూడలేదు.

రైలు ఇరవై నిమిషాలు లేటని మైకులో చెబుతున్నారు. ఆమె దిండూ నా దిండూ నా దగ్గరే ఉన్నాయి. గాజు జేబులో పెట్టుకుంటే పగులుతుందేమో. ఎడమ చేత్తో పట్టుకుని రాస్తున్నాను.