అడక్కుండా పెట్టిన టిక్కు

జూన్ 4, 2025. రాజమండ్రి

ఈరోజు p16 పాజిటివ్ వచ్చింది. మా క్యాన్సర్ ఆసుపత్రిలో పాజిటివ్ అంటే సంతోషించే పరీక్ష నాకు తెలిసి ఇదొక్కటే. గొంతులోంచి తీసిన ముక్కకి మందు వేస్తే ముదురు గోధుమరంగు తిరగాలి. తిరిగితే అది వైరస్ వల్ల వచ్చిన గడ్డ, వైద్యానికి లొంగుతుంది. తిరక్కపోతే డాక్టర్ రాజేంద్ర గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

పేషెంటు లోవమ్మ. యాభై నాలుగేళ్ళు. అంతర్వేది దగ్గర సముద్రపు ఊరు, చేపలు అమ్ముతుంది. గడ్డ టాన్సిల్ దగ్గర. p16 పాజిటివ్, పొగాకు అలవాటు లేదు. ఈ రెండూ కలిస్తే మా స్టడీ లెక్కలో స్కోరు తొంభై రెండు, అంటే మూడేళ్ళు దాటి బతికే అవకాశం నూటికి తొంభై రెండు. అందుకే ఆమెని తక్కువ డోసు గ్రూపులో వేశారు. ముప్పై ఐదు కరెంట్లకి బదులు ముప్పై. రేడియేషన్‌ని ఇక్కడ అందరూ కరెంటు అనే అంటారు, నాకూ అదే అలవాటైంది. డోసు తగ్గితే గొంతు తక్కువ కాలుతుంది, తర్వాత అన్నం మింగగలుగుతుంది.

ఫారం నింపింది నేనే. స్టడీ కోఆర్డినేటర్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. రోజంతా టిక్కులు పెట్టడమే పని.

జూన్ 9

మొదటి కరెంటు. ఎప్పటికి అయిపోతుందని లోవమ్మ అడిగింది. జూలై 18 అన్నాను. అయితే గోదాట్లోకి ఎర్రనీళ్ళు దిగేసరికి పులస బేరానికి వెళ్ళిపోవచ్చమ్మా అంది. వెళ్ళొచ్చని నేనే హామీ ఇచ్చేశాను. డాక్టరు గారిని కూడా అడగలేదు.

జూన్ 27

స్టాటిస్టిక్స్ చూసే శ్యాంబాబు పొద్దున్నే నా మీద పడ్డాడు. పాత పేషెంట్లలో నలుగురి విషయంలో స్కోరు తప్పిందట. నలుగురూ p16 పాజిటివ్, అలవాట్లు లేవు, అయినా జబ్బు తిరగబెట్టింది. నలుగురూ ఆడవాళ్ళే, సముద్రం పక్క ఊళ్ళవాళ్ళే. p16 చేసే మీ ల్యాబులోనే ఏదో తేడా ఉందన్నాడు. నీ మోడల్‌లో ఉందేమో చూసుకో అన్నాను. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా మేడమ్ అన్నాడు. ఒళ్ళు మండింది.

జూలై 8, సాయంత్రం 4



నెల రోజులుగా పక్కన పడేసిన డెంటల్ షీట్లు ఇవాళ ఎంటర్ చేద్దామని కూర్చున్నాను. కరెంటు మొదలుపెట్టే ముందు అందరికీ పళ్ళు చూస్తారు. లోవమ్మ షీటులో డెంటిస్టు హారతి గారు రాసింది: అంగిలి తెల్లబారింది, మధ్యలో ఎర్ర చుక్కలు, నికోటిన్ వల్ల.

పొగాకు ముట్టని మనిషి అంగిట్లో నికోటిన్ ఏంటి?

ఫారం తీశాను. సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా. నాలుగు గడులూ NO. నా టిక్కులే. అప్పుడు గుర్తొచ్చింది. నేను ఆమెని అడగలేదు. పెద్దావిడ, నుదుట ఇంత బొట్టు, నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని ఏ ఊరమ్మా మీదని అడిగిన మనిషి. ఆమెని పట్టుకుని చుట్ట కాలుస్తారా అండీ అని ఎలా అడగడం? మొహమాటం. నాలుగు NOలు కొట్టేసి పేజీ తిప్పాను.

పరిగెత్తుకుంటూ వార్డుకెళ్ళి ఇప్పుడు అడిగాను. ఏం తడుముకోకుండా చెప్పింది. అడ్డచుట్ట, పద్నాలుగో ఏటి నుంచి. నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారట. బయట పెడితే సముద్రపు గాలికి ఆరిపోతుందట. రోజుకి రెండు. మా అమ్మా అంతే, మా అత్తా అంతే అంది. గొంతు నొప్పి మొదలయ్యాక మానేసిందట. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నాను. నువ్వడిగితే కదమ్మా అంది.

జూలై 8, సాయంత్రం 5.30

శ్యాంబాబు చేత కొత్తగా లెక్క వేయించాను. వైరస్ గడ్డే అయినా నలభై ఏళ్ళ పొగ తోడైతే స్కోరు డెబ్బైకి పడిపోతుంది. ఇలాంటివాళ్ళకి డోసు తగ్గించకూడదు. ఇరవై రెండు కరెంట్లు అయిపోయాయి.

పేషెంటు దాచిపెట్టిందని రాస్తే నా మీదకి రాదు. ఆగస్టులో కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. ఆ ఆలోచన వచ్చింది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

జూలై 9

రాజేంద్ర గారికి అంతా చెప్పాను. ముందు ఎన్ని అయ్యాయని అడిగారు. ఈరోజుతో ఇరవై మూడు అన్నాను. రోజు డోసు రెండు గ్రూపులకీ ఒకటే కాబట్టి ఏమీ చేజారలేదు, ముప్పై దగ్గర ఆపకుండా ముప్పై ఐదు దాకా ఇస్తే సరిపోతుందన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత తిట్టారు. ఎమ్మెస్సీ చదివావు, ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదా అన్నారు. రాలేదండి అన్నాను. ఆయనే మళ్ళీ, నాలుగుసార్లు ఆమె నోట్లో లైటు వేసి చూశాను, నేనూ అడగలేదు అన్నారు. స్టడీని తనిఖీ చేసే కమిటీకి వెళ్ళే రిపోర్టులో ఇద్దరి పేర్లూ రాయమన్నారు.

జూలై 10

లోవమ్మకి ఇంకో అయిదు ఉన్నాయని చెప్పాం. కొత్త కాగితం మీద వేలిముద్ర వెయ్యనంది. గొంతంతా పుండు, మంచినీళ్ళు కూడా దిగడం లేదు. ముప్పై అన్నావు, ముప్పై అవగానే పోతానంది. మాట మార్చే బేరగాళ్ళకి నేను చేప కూడా అమ్మనంది. మొహం గోడవైపు తిప్పుకుంది.

జూలై 15

లోవమ్మ ఇంకా వేలిముద్ర వెయ్యలేదు. డాక్టరు గారు చెప్పినా తల ఊపడం లేదు.

జూలై 18

ముప్పై అయిపోయాయి. నేను వెళ్ళేసరికి బ్యాగు సర్దుకుని మంచం మీద కూర్చుని ఉంది. కూతురు ఆటో కోసం కిందికెళ్ళింది.

ఇంక దాచేదేముంది, నిజం చెప్పేశాను. మాట మార్చింది డాక్టర్లు కాదు, తప్పు నాది, నిన్ను అడగడానికి సిగ్గుపడి నా అంతట నేనే లేదని రాసుకున్నాను, దాని మీదే అందరూ లెక్క వేశారు. ఇప్పుడు నువ్వెళ్ళిపోతే నూటికి ముప్పై మంది పోతారు, వాళ్ళలో నువ్వు ఉండొచ్చు. ఉంటే నా వల్లే ఉంటావు. ఇలాగే చెప్పాను. ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా వాడలేదు.

 ఆ అయిదూ వేసుకుంటే ఖాయంగా తగ్గిపోతుందా అంది. ఖాయమని చెప్పలేను, అవకాశం పెరుగుతుంది అన్నాను. అప్పుడు అంది, నా చేప మెత్తబడిందని ఏ అమ్మేవాడూ తన నోటితో చెప్పడు, నువ్వు చెప్పావు. బ్యాగు మంచం కిందికి తోసి వేలు చాపింది.

ఇంకుప్యాడు కోసం రెండు ఫ్లోర్లు పరిగెత్తాను.

జూలై 21

ముప్పై ఒకటి.

జూలై 25

ముప్పై ఐదు. వెళ్తూ వెళ్తూ, పులస మొదటి వారం బేరం పోయింది, ఆ పాపం నీదే అంది. చాలా ఆనందంగా ఒప్పుకున్నాను.

ఆగస్టు 29

స్టడీలో ఉన్న నలభై ఆరు మంది ఆడవాళ్ళ ఫారాలు మళ్ళీ తీశాను. కొందరికి ఫోన్లు, కొందరి దగ్గరికి బస్సులో. ఈసారి ఒక్కరినీ వదల్లేదు. పదమూడు మంది అడ్డచుట్ట అన్నారు. స్కోరు తప్పిన ఆ నలుగురూ అందులోనే ఉన్నారు. నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు, వాళ్ళ కూతుళ్ళని అడగాల్సి వచ్చింది. అది మాత్రం చాలా కష్టమైంది.

సాయంత్రం శ్యాంబాబు కొత్త లెక్క వేశాడు. నలుగురికీ స్కోరు సరిపోయింది. కుర్చీలోంచి లేచి ఫ్లోరంతా ఒక రౌండు కొట్టొచ్చి, మీ ల్యాబుని అన్నందుకు సారీ మేడమ్ అన్నాడు. విత్తు నాదేలే అన్నాను. స్టడీ మొదలైన ఈ ఆరేళ్ళలో మేము చేసిన అతి పెద్ద పని ఇదే, చేసింది నేను. రాసుకుంటే తప్పేంటి, డైరీ నాది.

కమిటీ నుంచి మెమో వచ్చింది. కాంట్రాక్టూ వచ్చింది. కొత్త ఫారం తయారుచేసే పని నాకే ఇచ్చారు.

అక్టోబర్ 18

లోవమ్మ స్కాన్ క్లీన్. గొంతులో లేదు, మెడలో లేదు, ఎక్కడా లేదు. రాజేంద్ర గారు రెండుసార్లు చూశారు, నేను ఆయన వెనక నిలబడి పదిసార్లు చూశాను.

కారిడార్లో చెప్పాను. గొంతు ఇంకా బొంగురే, అయినా చేపల సంతలో అరిచినట్టు కూతురిని పిలిచింది. ఓపీలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. సెక్యూరిటీ అతను వచ్చి మెల్లగా అండీ అన్నాడు. అతన్ని నేనే తిప్పి పంపాను. మూడేళ్ళ పాటు మూడు నెలలకోసారి రావాలని చెప్తే, రాకపోతే నువ్వు ఊరుకుంటావా అంది.

నవంబర్ 12

కొత్త పేషెంటు. భర్తతో వచ్చింది. పట్టుచీర, చేతినిండా గాజులు. కొత్త ఫారంలో మొదటి ప్రశ్న, అడ్డచుట్ట కాలుస్తారా అని, అడిగాను. భర్త లేచి నిలబడి, మా ఇంటి ఆడవాళ్ళని ఏమనుకుంటున్నారండీ అన్నాడు. అందరినీ అడుగుతామండి అన్నాను. ఆవిడ నేలచూపులు చూస్తోంది. పేరు పిలుస్తున్నారేమో చూస్తానంటూ అతను కోపంగా బయటికెళ్ళాడు.

తలుపు మూసుకోగానే ఆవిడ రోజుకి రెండని వేళ్ళు చూపించింది.