తొమ్మిది చోళ్ల మూటలు

జూన్ 10
బుజ్జీ... ఈ నోటు పుస్తకం నీదే. సగం నువ్వు రాసుకున్న ఆఫ్రికా పాఠాలు, సగం తెల్లకాగితం. తెల్లదాంట్లో రాస్తున్నాను. నా గీతలు చూసి నవ్వుకో.
మూడు నెలలైంది. హాస్టల్లో జ్వరం, ఆరు రోజులు... అంతే. పోయావు.

జూన్ 12
సుధ ఫోన్. హాస్టల్లో నీ గదిలో ఉన్న పిల్ల. వస్తుందట. నువ్వు సగంలో వదిలిన పని పూర్తిచేసి, ఇద్దరి పేర్లతో కాలేజీలో ఇస్తుందట. "అమ్మా, బుజ్జి కట్టిన చోళ్ల మూటలు మంచిగున్నయా?"
ఉన్నాయన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

జూన్ 13
వాన.
తోంగ్‌పాల్ నుంచి బాసగూడ దాకా బస్సుల్లో తిరిగావు. ఊరికో ముసలమ్మ, ఒక్కొక్కరి దగ్గర గుప్పెడు చోళ్లు, మీ హాస్టల్లో రాగులనేవి. ఊరి పేరు చీటీతో తొమ్మిది మూటలు కట్టావు.
"చోళ్లు పుట్టిందే ఆఫ్రికాలనంటమ్మా. అక్కడినుంచి మన పొయ్యి దాకా ఎట్లొచ్చినయో చూడాలె. చరిత్ర, పంటలు, భాషలు, మా కోర్సుల అన్నీ కలిపే చెప్తరు."
"ఆఫ్రికా పోదువులే. ముందు ఆ గిన్నెలు కడుగు."
నవ్వావు. కడిగావు కూడా.

జూన్ 14
మన ఇంట్లో విత్తనమైతే పొయ్యి పైన, పొగ తగిలేలా వేలాడుతుంది. గంపలో ఉన్నది తిండిగింజ. నువ్వు మూటలు గంపలో పెట్టావు. నేను విప్పి, కలిపి, తిరగలిలో విసిరి, జావ కాశాను. తెలియక చేశానని అందరికీ చెప్పాను. మీ నాయనకూ.
"ఏందమ్మా ఇది! చీటీలు కనవడలేదా నీకు?"
జావ ముట్టకుండానే బస్సెక్కావు. మళ్లీ రాలేదు.

జూన్ 16
సుధ వచ్చింది. బక్కగా ఉంది. నీ మంచం మీదే పడుకుంది. మూటలు ఎలుకలు కొట్టేశాయన్నాను.
"పోనీలేమ్మా. మళ్ల తిరుగుత."
తిట్టినా బాగుండేది. అన్నం కెలికి లేచింది.

జూన్ 17
ఆ రోజే చీటీలు కనబడ్డాయి బుజ్జీ. ఊరి పేర్లు తెలుగులోనే, నేను చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో రాశావు. చదివాను. సెలవులకు వచ్చి నా దగ్గర ఒక్క రోజు కూర్చోలేదని కోపం. చదివే విప్పాను.

జూన్ 18
మధ్యాహ్నం సుధ బస్సు. ఈ కాగితం చించి ఆమె సంచిలో పెట్టాలి. చేయి రావడం లేదు...
సుధా, ఎలుకలు కాదు. నేనే. మళ్లీ ఊళ్లు తిరిగేటప్పుడు నన్నూ తీసుకుపో, ఆ ముసలమ్మలను మళ్లీ గుప్పెడేసి చోళ్లు నేను అడుగుతాను. వద్దంటే వద్దు. చోళ్ల రొట్టెలు కట్టాను. దారిలో కడుపునిండా తిను తల్లీ.